అటక మీది డబ్బా

దసరాకు ఇల్లు సదురుతుంటే అటక మీది నుంచి ఒక రేకు డబ్బా కిందికి దిగింది. ఎప్పుడో దుబాయి నుంచి మా చిన్నాయన తెచ్చిన బిస్కెట్ల డబ్బా. వెల్గటూర్, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్ పోయినోళ్లున్న ఇళ్లలో ఇలాంటిది ఒకటైనా ఉంటుంది. బిస్కెట్లు వారంలో అయిపోతాయి, డబ్బా మాత్రం తరాలపాటు నిలుస్తుంది. సూదీదారాలు, పట్టా పాసుబుక్కులు, కరెంటు బిల్లులు, ఎవరికీ గుర్తులేని తాళంచెవులు అందులో చేరతాయి.

ఈ డబ్బాలో ఉన్నది మాత్రం దాదాపు అంతా కరోనా కాలం. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఒకటి. సగం వాడిన శానిటైజర్ సీసాలు మూడు, వాటిలో ఒకదాని మూత పగిలి లోపల చుక్క లేదు. ప్లాస్టిక్ కవర్లో ముడుచుకున్న మాస్కులు. పట్టుకుని లాగితే ఎలాస్టిక్ పాత రబ్బరు బ్యాండులా పుటుక్కున తెగింది. 2021 మేలో ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే చేయించినప్పుడు ఆశా కార్యకర్త ఇచ్చిపోయిన గోలీల కవరు. మెడికల్ షాపులో విడిగా కొన్న గ్యాస్ గోలీలు రెండు షీట్లు. అడుగున, గడ్డకట్టి రాయిలా మారిన ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు. అవి కరోనావి కూడా కావు, అంతకుముందెప్పుడో ఎండాకాలంలో పంచినవి.

"పారేద్దామా అవ్వా?" అన్నాను.

"ఎందుకు పారేసుడు? మల్లస్తే?" అంది మా అవ్వ.

నేను చెప్పబోయేదంతా ఆ 'మల్లస్తే?' గురించే.

ముందు ఆక్సీమీటర్‌ను దగ్గరగా చూద్దాం. వెనక మూత తీస్తే స్ప్రింగుల చుట్టూ తెల్లటి పొక్కులాంటి పూత పట్టి ఉంది. సెల్లుల లోపలి రసాయనం కారి, గాలి తగిలి గట్టిపడితే అట్లా అవుతుంది. వాడని పరికరంలో సెల్లులు వదిలేస్తే ఏడాదికో రెండేళ్లకో జరిగేదే ఇది. నిమ్మరసం అద్దిన దూదితో తుడిచి, కొత్త సెల్లులు వేసి, అవ్వ వేలికి తగిలించాను. కాసేపు గీతలు, తర్వాత 97.

ఆ అంకె వెనక ఉన్న తెలివి చిన్నది కాదు. వేలి ఒక పక్క నుంచి రెండు కాంతులు పంపుతారు: కంటికి కనిపించే ఎరుపు, కనిపించని పరారుణం. ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్ పరారుణాన్ని ఎక్కువ మింగుతుంది, ఆక్సిజన్ దించేసినది ఎరుపును ఎక్కువ మింగుతుంది. అవతలి పక్కకు ఏది ఎంత వచ్చిందో కొలిస్తే లెక్క తేలాలి. కానీ వేలిలో రక్తం ఒక్కటే లేదు. చర్మం, ఎముక, కండ కూడా కాంతిని మింగుతాయి. 1970ల మొదట్లో జపాన్ ఇంజనీర్ టకువో అయోయాగి కాంతితో వేరే కొలత ఏదో తీయబోతే నాడి కొట్టుకోవడం వల్ల గీత ఎగిరెగిరి పడి అడ్డం వస్తుండేది. ఆ ఎగురుపాటును వదిలించుకోవాలని తంటాలు పడుతూ ఉండగా ఆయనకు తట్టింది: ఎగిరేది ధమని రక్తమొక్కటే, కదలనిదంతా చర్మమూ ఎముకానే. ఎగిరే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే చాలు. ప్రపంచమంతా ఆ పరికరం కోసం ఎగబడుతున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశాడు.

అవ్వ వేలిని మూడుసార్లు చూసుకుని సంతోషపడింది. ఆ వేలికి అవసరమైన కొలత ఆక్సిజన్ కాదని నాకు తెలుసు. ఆమెకు బీపీ ఉంది. ఒంట్లో బాగున్నట్టు అనిపించిన నెలలో గోలీ వేసుకోదు. తల తిరిగితే వేసుకుంటుంది. మన దేశంలో బీపీ ఉన్నవాళ్లు సుమారు 22 కోట్ల మంది అనీ, అదుపులో ఉన్నది వాళ్లలో 12 శాతానికేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. డబ్బాలో ఆక్సీమీటర్ ఉంది, బీపీ మిషన్ లేదు. ఆక్సీమీటర్ కొన్న రోజుల్లో రెంటికీ ధరలో మరీ అంత తేడా ఏమీ ఉండేది కాదు.

ఇక గోలీలు. కవరు మీది గడువు ఎప్పుడో దాటింది. గడువు దాటిన మందు విషమని కొందరు, ఏమీ కాదని కొందరు వాదిస్తారు. ఇద్దరికీ సగం సగం ఆధారాలున్నాయి. అమెరికా సైన్యం కోట్ల డాలర్ల మందులు ఆపత్కాలానికని దాచి, గడువు దాటగానే పారేయడం భరించలేక 1986లో ఒక పరీక్షా కార్యక్రమం పెట్టింది. 2006లో ప్రచురించిన లెక్కల ప్రకారం 122 రకాల మందులు, మూడు వేలకు పైగా బ్యాచ్‌లు పరీక్షిస్తే 88 శాతం బ్యాచ్‌లు గడువు దాటాక కనీసం ఇంకో ఏడాది పనికొచ్చాయి. ఈ ముక్క విని "చూసినవా, నేను చెప్పలే?" అనబోయే వాళ్లు ఒక్క క్షణం ఆగాలి. ఆ మందులు సీలు విప్పకుండా చల్లని, పొడి గోదాముల్లో ఉన్నవి. మా అటక రేకుల కింద ఉంది. జగిత్యాల జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ రేకుల కింద రొట్టె పెనం మీద ఉన్నట్టే. గోలీల తయారీదారు లెక్క వేసుకున్నది 25 నుంచి 30 డిగ్రీలకు.

గ్యాస్ గోలీలు రానిటిడిన్. దశాబ్దాలుగా మన ఊళ్లలో అన్నం తిన్నంత మామూలుగా మింగిన మందు. నిలవ ఉండేకొద్దీ, అందులోనూ వేడిలో నిలవ ఉండేకొద్దీ, ఇందులో ఎన్‌డీఎంఏ అనే మలినం పెరుగుతుందని తేలడంతో 2020 ఏప్రిల్ 1న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. ఆ మలినం క్యాన్సర్ కారకం కావచ్చని అనుమానం. మన దేశంలోనూ 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి రానిటిడిన్‌ను తొలగించారు. ఈ సంగతి చెప్పగానే అవ్వ ఆ షీట్లను పాము పిల్లను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని బయట పడేసింది. ఆమె ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. చేటలో తంబాకు ఒళ్లో పెట్టుకుని, ఆ పొడి పీల్చుకుంటూ, ఆ చేతులతోనే పిల్లలకు అన్నం కలిపి పెట్టింది. దాన్ని ఎన్నడూ రెండు వేళ్లతో పట్టుకోలేదు. అది పని కదా.

శానిటైజర్ సంగతి ఇంకో తీరు. అందులో మూడింట రెండు వంతులకు పైగా ఆల్కహాలే. మూత వదులైతే ముందు ఎగిరిపోయేదీ అదే. మిగిలిన నీళ్లను చేతికి రాసుకుంటే తడవడం తప్ప ప్రయోజనం లేదు. మూత బిగుతుగా ఉన్న సీసా మరో రకం తంటా: పొయ్యి పక్కన, దీపం పక్కన పెడితే అంటుకుంటుంది, మంట పగటి వెలుగులో సరిగా కనపడదు కూడా. ఇంతకంటే ఘోరం 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో జరిగింది. లాక్‌డౌన్‌లో మద్యం షాపులు మూతబడి, తాగుడుకు అలవాటుపడ్డ వాళ్లు శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ప్రాణం కాపాడుతుందని ఊరూరా పంచిన సీసాయే అది. ఆ రోజుల్లో అందరి కళ్లూ రోగం మీదే ఉన్నాయి. మందు దొరకని తాగుబోతు ఏం చేస్తాడన్న ప్రశ్న ఎవరికీ ఆపదలా కనపడలేదు.

అట్లాగని కరోనాకు భయపడ్డది తప్పని నేను అనడం లేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరీంనగర్ దవాఖానల ముందు నిలబడ్డవాళ్లెవరూ ఆ మాట అనలేరు. నా ప్రశ్న వేరు. ఆ భయానికి ఒక డబ్బా దక్కింది. మిగతా భయాలకు డబ్బాలేవి? అసలు భయమే పుట్టని ఆపదల సంగతేమిటి?

1978లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు సారా లిక్టెన్‌స్టైన్, పాల్ స్లోవిక్, వాళ్ల సహచరులు జనాన్ని కూర్చోబెట్టి అడిగారు: ఏ కారణంతో ఎక్కువమంది చనిపోతారు? సుడిగాలితోనా, ఉబ్బసంతోనా? ఎక్కువమంది సుడిగాలి అన్నారు. నిజానికి అక్కడ ఉబ్బసం చంపేది దానికి ఇరవై రెట్లు. వరదను, విషాహారాన్ని ఎక్కువ చేసి చెప్పారు. చక్కెర వ్యాధిని, పక్షవాతాన్ని తక్కువ చేశారు. అంతకు ఐదేళ్ల ముందే మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, ట్వెర్‌స్కీ, కానెమన్ దీనికి మూలం చూపించారు. ఒక సంగతి ఎంత తరచుగా జరుగుతుందో చెప్పమంటే మనసు లెక్క కట్టదు, అలాంటిది ఎంత తొందరగా గుర్తొస్తే అంత తరచుగా జరుగుతుందని తీర్మానిస్తుంది. టీవీలో చూసింది గుర్తొస్తుంది. పక్క వాడలో ముసలాయనకు పక్షవాతం రావడం టీవీలో రాదు.

మా జిల్లాలో ఇది ఎంత బలంగా పనిచేస్తుందో 2018 సెప్టెంబర్ 11 తర్వాత చూశాను. ఆ మంగళవారం కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. వందకు పైగా జనం ఎక్కిన బస్సు. కొడిమ్యాల చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో వాడవాడకూ పాడె లేచింది. ఆ తర్వాత నెలల తరబడి మా ఇంట్లో బస్సంటేనే జంకు. కొండగట్టు అంజన్నకు మొక్కు తీర్చడానికి మా చిన్నాయన కొడుకు బస్సు వద్దని ఏం చేశాడో తెలుసా? భార్యను, ఇద్దరు పిల్లలను ఒకే మోటర్‌సైకిల్ మీద ఎక్కించుకుని పోయాడు. హెల్మెట్ ట్యాంకు మీద చిన్నోడి ఒళ్లో ఉంది.

అతన్ని వెర్రివాడు అనేముందు ఒక సంగతి. 2001 సెప్టెంబర్ 11 తర్వాత విమానం భయంతో కార్లెక్కిన అమెరికన్లలో, ఆ ఏడాదిలో మామూలుకంటే సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద చనిపోయారని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ లెక్కగట్టాడు. వాళ్లూ మా తమ్ముడు చేసిందే చేశారు, తేదీ కూడా కలిసింది. చాన్సీ స్టార్ అనే ఇంజనీర్ 1969లోనే ఇంకో కిటుకు చెప్పాడు: మన చేతిలో పగ్గాలున్నాయని అనుకునే ఆపదను, వేరేవాళ్లు మన మీద రుద్దే ఆపదకంటే వెయ్యి రెట్లు ఎక్కువైనా భరిస్తాం. బస్సు స్టీరింగు డ్రైవర్ చేతిలో ఉంది, బండి హ్యాండిల్ మన చేతిలో ఉంది. అంతే తేడా.

లెక్కలు చూద్దాం, కొంచెమే. అమెరికాలో రోనాల్డ్ హోవర్డ్ అనే ప్రొఫెసర్ మరణభయాన్ని తూచడానికి ఒక తూకపు రాయి తయారుచేశాడు: పది లక్షల్లో ఒక వంతు చావు. పేరు మైక్రోమార్ట్. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. 140 కోట్ల జనానికి పంచితే తలా ఏడాదికి 120 రాళ్లు, అంటే మూడు రోజులకో రాయి. ఇంట్లో కూర్చునే అవ్వకూ, రోజూ బండి మీద పోయొచ్చే మనిషికీ ఒకే లెక్క కాదు, సగటు అంటేనే అంత. అదే ఏడాది హెల్మెట్ లేకుండా చనిపోయిన వాళ్లు 50,029 మంది. కొండగట్టు బస్సు ఎనిమిది వందల సార్లు పడినంత. ఒక్కొక్కరే, ఒక్కో మూలమలుపు దగ్గర, పేపర్లో జిల్లా పేజీలో రెండు వాక్యాలుగా.

రోడ్డుకు కనీసం ఆ రెండు వాక్యాలైనా దక్కుతాయి. పాముకు అవీ లేవు. టొరంటో విశ్వవిద్యాలయం నుంచి ప్రభాత్ ఝా నడిపిన మిలియన్ డెత్ స్టడీలో కార్యకర్తలు దేశమంతా ఇళ్లకు పోయి, చనిపోయిన మనిషికి చివరి రోజుల్లో ఏం జరిగిందని ఇంటివాళ్లనే అడిగారు. దవాఖాన కాగితాల మీద ఆధారపడలేదు, ఎందుకంటే పాము కాటు చావుల్లో ఎక్కువ భాగం దవాఖాన గడప తొక్కనే తొక్కవు. 2020లో వచ్చిన ఫలితాల్లో 2000 నుంచి 2019 వరకు 12 లక్షల మంది పాము కాటుతో చనిపోయినట్టు తేలింది. ఏడాదికి సగటున 58,000. అందులో సగం జూన్-సెప్టెంబర్ మధ్యనే. చావులు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఒకటి. 70 ఏళ్లు నిండేలోపు పాము కాటుతో చనిపోయే అవకాశం సగటు భారతీయుడికి 250లో ఒకటి అన్నారు. ఈ అంకె చదివినప్పుడు నేను రెండోసారి చదివాను. మా ఊళ్లో ఒక్క వాడలోనే అంతకంటే ఎక్కువ జనం ఉంటారు.

వానాకాలం వరి నాటిన రోజుల్లో మా బాపు పొలం కాడికి పోయే తీరు చెబుతాను. చీకట్లో, లుంగీ పైకి కట్టి, ఉత్త కాళ్లతో. చెప్పులు ఒడ్డున విడుస్తాడు, బురదలో దిగబడతాయని. టార్చిలైటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఫోన్ వెలుగు. పోయి, తడి చేతులతో స్టార్టర్ డబ్బా తెరుస్తాడు. దేశంలో ఏటా పది వేలకు పైగా మనుషులు కరెంటు తగిలి చనిపోతున్నారు. ఒకప్పుడు కరెంటు వంతులవారీగా, అర్ధరాత్రో అపరాత్రో వచ్చేది. అందుకే రైతులు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల కరెంటు వచ్చాక, నీళ్లు వృథాగా పారుతున్నాయని వాటిని తీసేయమన్నారు, అంటే మోటరు పెట్టడానికి మళ్లీ మనిషే పోవాలి. భూగర్భ జలాల వైపు నుంచి చూస్తే సబబే. పాము వైపు నుంచి ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు.

"ఇన్నేండ్ల సంది పోతున్న, ఏమైంది?" అంటాడు బాపు. దీనికి జవాబు చెప్పడం చాలా కష్టం. ఏమీ కాని ప్రతి రాత్రీ ఆయనకు ఒక రుజువు. వేల రాత్రుల రుజువు ముందు టొరంటో నుంచి వచ్చిన అంకె నిలబడదు. 250లో ఒకటి అంటే మిగతా 249 మందికీ ఆ రుజువు చివరిదాకా నిజంగానే చెల్లుతుంది కదా.

కట్లపాము ఇంకా గడుసుది. అది ఇంట్లోకే వస్తుంది, రాత్రి నేల మీద పడుకున్న వాళ్లను కరుస్తుంది, చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కనపడదు. తెల్లారి కడుపు నొస్తుందంటారు, కనురెప్పలు వాలతాయి. దెయ్యమో గాలో అనుకునే లోపల ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటికీ కలిపి పనిచేసే విరుగుడు సూది మన దేశంలో తయారవుతుంది, పెద్ద సర్కారు దవాఖానల్లో ఉంటుంది. దాన్ని డబ్బాలో దాచుకోలేం. దాచుకోగలిగినవి చాలా చప్పటి వస్తువులు: టార్చి, బూట్లు, మంచం, పరుపు కిందికి అంచులు దోపిన దోమతెర. గుర్తుంచుకోవాల్సింది కట్టు బిగించొద్దు, కోయొద్దు, కాలు కదపకుండా 108కి ఫోన్ చేయాలని.

గడ్డకట్టిన ఓఆర్‌ఎస్ పొట్లాలు మిగిలాయి. 2015 మేలో వడగాలికి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వాలే లెక్క చెప్పాయి. ఆ తర్వాతి వేసవుల్లో ఈ పొట్లాల పంపకం బాగా జరిగింది. ఉప్పు, చక్కెర, కొంచెం పొటాషియం, కొంచెం సిట్రేట్. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే, బొంగావ్‌లో దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఇలాంటిదే కలిపి డ్రమ్ములకొద్దీ తాగించాడు. నూటికి ముప్పై చావులు నూటికి నాలుగు లోపుకు దిగాయి. ఇంత ఘనత ఉన్న పొట్లాన్ని మా అవ్వ ఎండదెబ్బ తగిలిన రోజు వాడకుండా, 'పెద్ద కష్టమొస్తే పనికొస్తది' అని పైన పెట్టింది. ఎండదెబ్బ పెద్ద కష్టం కాదు, ప్రతి ఏడూ వచ్చేదే.

దాచుకోవడం మాకు కొత్త కాదు. అవ్వ చిన్నప్పుడు వాళ్ల వాకిట్లో జొన్నల పాతర ఉండేదట. నేలలో గుండ్రంగా తవ్వి, అడుగునా పక్కలా గడ్డి పరిచి, జొన్నలు పోసి మట్టితో మూసేవాళ్లు. కరువుకు భరోసా. గింజలు ప్రాణమున్నవే కాబట్టి లోపలి ఆక్సిజన్‌ను పీల్చేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఆక్సిజన్ లేక పురుగు చస్తుంది, జొన్నలు ఏళ్లకేళ్లు నిలుస్తాయి. తవ్వి దిగిన మనిషి చచ్చేదీ ఆ గాలికే. అందుకే మూత తీసి ఒక పూట వదిలేసేవాళ్లు, దీపం దించి చూసేవాళ్లు. ఆక్సిజన్ గాలిలో 21 శాతం ఉంటుంది, 16 దగ్గరకు పడితే దీపం ఆరుతుంది, 10 లోపుకు పడితే మనిషికి స్పృహ నిలవదు. ఆరిన దీపం మంచి హెచ్చరికే, వెలిగే దీపం మాత్రం పూర్తి హామీ కాదు. అయినా ఒక్కటి గమనించండి: ఆ కాలపు వాళ్లకు తమ ఆపత్కాలపు నిల్వే ఒక ఆపద అని తెలుసు. తీసేటప్పుడు ఏం చేయాలో ఇంటింటికీ ఒక అలవాటుండేది. మా డబ్బాకు అలాంటి అలవాటేదీ లేదు, పైకి ఎక్కించడం తప్ప.

ఆ రోజు ఓఆర్‌ఎస్, మాస్కులు, గోలీలు తీసేశాం. శానిటైజర్ ఒక్క సీసా బయట బోరింగు దగ్గర పెట్టాం. ఆక్సీమీటర్ ఉంచమంది అవ్వ, ఉంచాను, సెల్లులు విడిగా తీసి పెట్టాలని చూపించి మరీ. మర్నాడు జగిత్యాల పోయి బీపీ మిషన్ ఒకటి, బాపు కోసం మంచి వెలుగున్న టార్చి ఒకటి కొనుక్కొచ్చాను. తలుపు పక్కన మేకు కొట్టి టార్చి తగిలించాను, చీకట్లో తడుముకున్నా చేతికి అందేలా.

సంక్రాంతికి పోతే మేకు ఉత్తగా ఉంది. బాపు ఫోన్ వెలుగుతోనే బాయి కాడికి పోతున్నాడు.

"టార్చి ఏదే?" అన్నాను.

అవ్వ స్టూలెక్కి అటక మీది నుంచి డబ్బా దించింది. టార్చి పాలిథిన్ కవర్లో చుట్టి ఉంది. సెల్లులు తీసి విడిగా ఒక గుడ్డలో మూటకట్టి ఉన్నాయి.

"నువ్వే గద చెప్పినవు, ఉంచితే కారుతయని," అంది.